నర్సింగ్‌లో పీహెచ్‌డీ: బీఎస్సీ నుంచి వైవా దాకా నా అనుభవం

నర్సింగ్‌లో పైకి చదివేకొద్దీ పేషెంటు మంచానికి దూరమవుతాం. బీఎస్సీలో రోజూ వార్డులోనే ఉంటాం. ఎమ్మెస్సీ అయ్యాక విద్యార్థులను వార్డుకు తీసుకెళ్లేవాళ్లం అవుతాం. పీహెచ్‌డీకి వచ్చేసరికి వార్డు డేటా తీసుకునే చోటుగా మిగులుతుంది. డాక్టర్ల సంగతి ఇలా ఉండదు. ఎండీ చేసినా, ఆపైన డీఎం చేసినా వాళ్లు పేషెంటు దగ్గరే ఉంటారు, చదువు పెరిగినకొద్దీ వార్డులో వాళ్ల మాట చెల్లుతుంది. స్టాఫ్ నర్సుగా ఉంటూ ఎమ్మెస్సీ చేసిన అమ్మాయికి మాత్రం డ్యూటీ చార్టులో ఏ తేడా ఉండదు. ఆ చదువుకు గుర్తింపు కావాలంటే కాలేజీలో చేరాల్సిందే. హైదరాబాద్‌లో మూడు డిగ్రీలూ చేశాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది. పీహెచ్‌డీ చేయాలా వద్దా అని అడుగుతున్న జూనియర్లకు ముందు ఇది చెప్పి, తర్వాత మిగతా కథ చెబుతాను.

మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. 2008లో ఇంటర్ బైపీసీ అయింది. ఎంసెట్‌లో మెడిసిన్ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. బీఎస్సీ నర్సింగ్‌కు అప్పట్లో ఇంటర్ మార్కులు చూసి సీటిచ్చేవాళ్లు. ఇప్పటి పిల్లలకు ఎంట్రెన్స్ కూడా తోడైంది. "రాత్రి డ్యూటీలు చేసే పిల్లకు సంబంధాలెట్ల వస్తయి?" అని మా పెద్దమ్మ ఇంటికొచ్చి మరీ అడిగిపోయింది. మా నాన్న మాత్రం "చదివినంక ఖాళీగైతే ఉండదు గదా" అన్నాడు. (అదే పెద్దమ్మ ఇప్పుడు ఊళ్లో ఎవరికి బీపీ పెరిగినా నాకు ఫోన్ కలిపిస్తుంది.)

బీఎస్సీ నాలుగేళ్లు. మా రోజుల్లో ఏడాదికోసారి పరీక్షలు. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్ తెచ్చాక సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్, మైక్రోబయాలజీ, సైకాలజీ అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన మేము హాస్టల్‌లో ఒకే డిక్షనరీ నలుగురం పంచుకుని చదివాం. దాని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, అందరిలాగే బట్టీ పట్టి గట్టెక్కాం. కానీ ఫౌండేషన్స్ ల్యాబులో బెడ్ మేకింగ్ నేర్పిన మేడం గుర్తుంది. దుప్పటి మూల మడత సరిగా రాకపోతే మొత్తం విప్పించి మళ్లీ వేయించేది. చాదస్తం అనుకున్నాం. కదలలేని మనిషిని ముడతలు పడ్డ దుప్పటి మీద గంటలకొద్దీ పడుకోబెడితే ఆ చర్మం ఏమవుతుందో తర్వాత వార్డులో చూశాను.

అసలు చదువంతా పోస్టింగుల్లోనే, అంటే ఆసుపత్రి డ్యూటీల్లోనే. నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో పసిపిల్లల బరువు చూసి మందు లెక్కగట్టడం నేర్చుకున్నాం. దశాంశ బిందువు ఒక స్థానం పక్కకు జరిగితే మోతాదు పది రెట్లు మారిపోతుంది. అందుకే ఇద్దరం విడివిడిగా లెక్కవేసి, రెండూ సరిపోయాకే సిరంజి ముట్టుకోనిచ్చేవారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ప్రాసెస్ రికార్డింగ్ అని ఒకటి రాయించారు. పేషెంటు ఏమన్నాడు, నేనేమన్నాను, ఆ క్షణంలో నాకు లోపల ఏమనిపించింది, ఇవన్నీ పక్కపక్క గళ్లలో పొల్లుపోకుండా రాయాలి. రాసింది చూసుకుంటే పేషెంటు మాట పూర్తికాకముందే నేను సలహా ఇచ్చేస్తున్నానని తెలిసేది. ఎదుటి మనిషి చెప్పేది వినడాన్ని ఇంత పద్ధతిగా నేర్పే పాఠం నేనైతే మరెక్కడా చూడలేదు.

ప్రసూతి పోస్టింగు అందరికీ టెన్షన్. మా సిలబస్ ప్రకారం ఒక్కొక్కరం 20 సాధారణ కాన్పులు చేయాలి, 30 మంది గర్భిణులను పరీక్షించాలి, ప్రతి కేసూ బుక్కులో రాసి సంతకం తీసుకోవాలి. లేబర్ రూంలో మేమొక్కళ్లమే ఉండం కదా. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) విద్యార్థులు, హౌస్ సర్జన్లు, పీజీలు అందరికీ ఆ కాన్పులే కావాలి. రాత్రిపూట పోటీ తక్కువని కావాలనే నైట్ డ్యూటీ వేయించుకునేవాళ్లం. అక్కడ ఒక సీనియర్ సిస్టర్ ఉండేది. బిడ్డ బయటికి రాగానే మేమంతా ఏడుపు కోసం చూస్తుంటే, "ఏడుపొక్కటే కాదు పిల్లా, రంగు చూడు, ఊపిరి చూడు, కాళ్లుచేతులు ఆడిస్తుందా చూడు" అనేది. పుస్తకంలో అప్గార్ స్కోరు అని చదివిందే అది. ఐదు లక్షణాలు, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు, ఒకటో నిమిషంలో ఒకసారి, ఐదో నిమిషంలో ఇంకోసారి. ఆమె చదివింది జీఎన్ఎం డిప్లొమా. మా డిగ్రీ టీచర్లలో కొందరికి ఆమెకున్నంత చేతి నేర్పు లేదు. ఈ మాట చెబితే మా వాళ్లకు కోపం వస్తుంది గానీ అది నిజం.

2012లో కోర్సు అయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్డ్ నర్సుగా, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్‌గా పేరు నమోదు చేయించుకున్నాను. ఒక కార్పొరేట్ ఆసుపత్రి న్యూరో ఐసీయూలో ఉద్యోగం. జీతం హాస్టల్‌కు, ఇంటికి పంపడానికి సరిగ్గా సరిపోయేది. నాతో చేరినవాళ్లలో సగం మంది గల్ఫ్ పరీక్షలకో, విదేశాలకు వెళ్లడానికి రాసే ఓఈటీ ఇంగ్లిష్ పరీక్షకో చదువుతూ ఉండేవాళ్లు. నేను ఎమ్మెస్సీ వైపు చూశాను. దానికి బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది అనుభవం అడుగుతారు. మెడికల్ సర్జికల్, చైల్డ్ హెల్త్, ప్రసూతి, కమ్యూనిటీ, మెంటల్ హెల్త్ అని ఐదు బ్రాంచీలు. మెడికల్ సర్జికల్‌లో మళ్లీ గుండె, కిడ్నీ, క్యాన్సర్, నాడీ విభాగాల వంటివి. నేను ఐసీయూ అలవాటుతో నాడీ విభాగం తీసుకున్నాను.

నేను చేరింది 2014లో. ఆ జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఆనందం సంగతి అలా ఉంచితే, మా కాగితాలు రెండు రాష్ట్రాల మధ్య పడ్డాయి. డిగ్రీ విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీది, రిజిస్ట్రేషన్ ఉమ్మడి రాష్ట్ర కౌన్సిల్‌ది, బతుకేమో హైదరాబాద్‌లో. వరంగల్‌లో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం మొదలయ్యాక వచ్చిన బ్యాచులకు ఈ తిప్పలు లేవు. మాకు మాత్రం రిజిస్ట్రేషన్ మార్పు అనీ, వెరిఫికేషన్ లెటర్ అనీ కొన్నాళ్లు అదే పని.

ఎమ్మెస్సీ థీసిస్ గురించి చెప్పాలి, ఎందుకంటే నా పీహెచ్‌డీకి మూలం దాని మీద అసంతృప్తే. మన నర్సింగ్ కాలేజీల లైబ్రరీలో ఏ థీసిస్ తీసినా పేరు దాదాపు ఒకటే: 'హైదరాబాద్‌లోని ఎంపిక చేసిన ఆసుపత్రులలో ఫలానా విషయంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం ప్రభావశీలత'. ముందు ఒక ప్రశ్నపత్రం ఇస్తాం. తర్వాత చార్టులు పట్టుకుని పాఠం చెబుతాం. వారం ఆగి అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇస్తాం. మార్కులు పెరుగుతాయి, పెరగక ఏం చేస్తాయి? పీ విలువ 0.05 కన్నా తక్కువ వచ్చిందని, అంటే ఈ తేడా యాదృచ్ఛికం కాదన్నట్టు రాసి, బైండింగ్ చేయించి ఇచ్చేస్తాం. నేను కూడా పక్షవాతం పేషెంట్ల సంరక్షణ మీద స్టాఫ్ నర్సుల అవగాహన అంటూ అలాంటిదే చేశాను, పాసయ్యాను. ఆ నర్సులు పాఠం విన్నాక పేషెంట్లను ముందుకన్నా ఎక్కువసార్లు పక్కకు తిప్పారా అని ఎవరూ అడగలేదు. చేతిలో ఉన్న గడువుకు, డబ్బుకు ఆ తరహా థీసిసే సరిపోతుందని నాకూ తెలుసు. అయినా వేల మంది ఏటా ఒకే ఆకారంలో రాసే ఆ పుస్తకాలు వార్డులో ఎవరికి పనికొస్తున్నాయో ఒకసారి చూసుకోవాలి.

తర్వాత ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. పిల్లలను తీసుకుని ఒక ప్రభుత్వ ఆసుపత్రి న్యూరాలజీ వార్డుకు వెళ్లేదాన్ని. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలి. అక్కడి సంఖ్య చెప్పను, ఊహించుకోండి. సిస్టర్లు మందులు, సెలైన్లు, రికార్డులతోనే తెల్లార్లూ పరుగులు. మరి పేషెంటు ఒళ్లు తుడిచేది, పక్కకు తిప్పేది, ముక్కు గొట్టంలో పాలు పోసేది ఎవరు? భార్య, కోడలు, కూతురు. మంచం కింద చాప వేసుకుని పడుకునే ఆ మనుషులే మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో అసలు నర్సింగ్ చేస్తున్నారు. వాళ్లకు ఎవరూ ఏమీ నేర్పరు. ఒకరోజు ఒకామె నా కొంగు పట్టుకున్నట్టే ఆపి, "మేడం, రెండు గంటలకొకపారి తిప్పమన్నరు. నా ఒక్కదానితోని ఈ మనిషి కదుల్తడా? ఎట్ల తిప్పాలె?" అని అడిగింది. ఆయనది ఆమెకు రెండింతల ఒళ్లు. నా స్టూడెంట్లు ఇద్దరితో కలిసి దుప్పటిని నాలుగు మడతలు చేసి నడుము కింద వేసి, దాన్ని పట్టి లాగుతూ తిప్పడం చూపించాను. చూసి పక్క మంచాల వాళ్లు కూడా వచ్చారు. నా పీహెచ్‌డీ అంశం అదే అయింది: మంచంపట్టిన పక్షవాతం పేషెంట్ల ఇంటివాళ్లకు చేతితో చేసి చూపించి నేర్పితే పడక పుండ్లు తగ్గుతాయా, వాళ్ల మీది భారం తగ్గుతుందా?

ప్రశ్న దొరికింది గానీ గైడ్ దొరకడం కష్టమైంది. దీనికి చరిత్రలోనే కారణం ఉంది. మన దేశంలో నర్సింగ్ డిగ్రీ 1946లో ఢిల్లీ, వేలూరుల్లో మొదలైంది. ఎమ్మెస్సీ 1959లో ఢిల్లీలో వచ్చింది. పీహెచ్‌డీ మాత్రం 1992లో ఢిల్లీ యూనివర్సిటీలో మొదలైంది, అప్పటికి నాకు ఏడాది. ఇంత ఆలస్యంగా మొదలైన చోట గైడ్‌గా ఉండదగిన వాళ్లు ఎంతమంది ఉంటారు? ఆ లోటు పూడ్చడానికే కౌన్సిల్ వాళ్లు బెంగళూరు రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయంతో కలిసి నేషనల్ కన్సార్టియం అనే పీహెచ్‌డీ కార్యక్రమం పెట్టారు. నేను వేరే యూనివర్సిటీలో, ఉద్యోగం చేసుకుంటూ పార్ట్ టైంగా 2018లో చేరాను. ఎంట్రెన్స్‌లో సగం రీసెర్చ్ మెథడాలజీ, సగం సబ్జెక్టు. ఆ తర్వాత ఇంటర్వ్యూ, కోర్స్ వర్క్, దాని పరీక్ష. ఆర్నెల్లకోసారి ప్రోగ్రెస్ రిపోర్టు ఇచ్చి కమిటీ ముందు నిలబడాలి.

పరిశోధన వల్ల పేషెంట్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ నాకు చాలా నేర్పింది. "ఒక గ్రూపుకు నేర్పుతారు, ఇంకో గ్రూపుకు నేర్పరు. నేర్పని వాళ్లలో పుండ్లు వస్తే మీరు నోట్‌బుక్కులో రాసుకుంటూ కూర్చుంటారా?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. చివరికి ఇలా ఒప్పుకున్నాం: రెండో గ్రూపుకు మామూలు సంరక్షణ యథాతథంగా సాగాలి, చర్మంలో మార్పు కనబడితే ఏ గ్రూపైనా వెంటనే వార్డు డాక్టరుకు చెప్పాలి, ఫాలో అప్ ముగిశాక వాళ్లకూ అదే శిక్షణ ఇవ్వాలి. మొదటి పేషెంటును చేర్చుకోకముందే అధ్యయనాన్ని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. సమ్మతి పత్రం తెలుగులో, ఉర్దూలో, హిందీలో కావాలి. పాతబస్తీ నుంచి వచ్చే నా స్టూడెంటు ఒకమ్మాయి ఉర్దూ పత్రాన్ని వాళ్ల నానమ్మకు చదివి వినిపించి, ఆమెకు అర్థంకాని వాక్యాలన్నీ మార్చుకుని తెచ్చింది. కమిటీ నియమించిన నిపుణుల కన్నా ఆ నానమ్మ దిద్దుబాట్లే బాగా పనికొచ్చాయి.

కొలతలకు రెండు సాధనాలు తీసుకున్నాను. పుండు వచ్చే ప్రమాదానికి బ్రేడెన్ స్కేలు. స్పర్శ తెలియడం, తడి, లేచి తిరగడం, మంచంలో కదలడం, తిండి, ఒరిపిడి అని ఆరు అంశాలు. 6 నుంచి 23 దాకా స్కోరు, తక్కువ వస్తే ప్రమాదం ఎక్కువ. ఇంటివాళ్ల భారానికి 22 ప్రశ్నల జారిట్ ఇంటర్వ్యూ. ఇక్కడో సంగతి. పడక పుండు మొదటి దశ అంటే నొక్కినా తెల్లబడని ఎరుపు అని పుస్తకాల్లో ఉంటుంది. మన చామనఛాయ, నల్లటి ఒళ్ల మీద ఆ ఎరుపు ఎక్కడ కనబడుతుంది? అందుకే ఇంటివాళ్లకు చేతి వెనుక భాగంతో తాకి చూడటం నేర్పాను. నడుము కింద, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక తాకాలి. చుట్టుపక్కల చర్మం కన్నా వేడిగానో గట్టిగానో తగిలితే ఆ వైపు పడుకోబెట్టొద్దు. చపాతీ పిండి మెత్తదనం చేత్తో చూసినంత సులువుగా పట్టేసుకున్నారు వాళ్లు. నా మూడో సంవత్సరం పిల్లలకు అంత తొందరగా రాలేదు.

ముందు చిన్నగా చేసి చూసే పైలట్ స్టడీ ముగించి అసలు పని మొదలుపెట్టే సమయానికి 2020 మార్చి వచ్చింది. గాంధీ ఆసుపత్రిని కోవిడ్‌కు కేటాయించారు, మిగతా ఆసుపత్రుల వార్డులన్నీ అతలాకుతలం. అటెండెంట్లను లోపలికే రానివ్వని రోజుల్లో అటెండెంట్ల మీద అధ్యయనం ఎలా చేస్తాం? ఆ ఏడాది ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల సంవత్సరంగా ప్రకటించింది. మేము పీపీఈ కిట్లలో చెమటలు కక్కుతూ దాన్ని జరుపుకున్నాం. పని మళ్లీ మొదలయ్యాక కూడా నెమ్మదిగానే సాగింది. డిశ్చార్జి అయ్యి మహబూబ్‌నగర్‌కో మెదక్‌కో వెళ్లిపోయిన వాళ్లకు ఫోన్ చేస్తే నంబరు పనిచేయదు. కొన్నిసార్లు ఎత్తిన కొడుకు "నాయిన పోయిండు మేడం" అంటాడు. గణాంకాల్లో దాన్ని డ్రాపౌట్ అని ఒక గడిలో రాస్తాం. ఆ ఫోన్లు పెట్టేశాక వెంటనే ఇంకో నంబరు నొక్కడం నా వల్ల అయ్యేది కాదు. మధ్యలో నాకు పాప పుట్టింది. పీహెచ్‌డీ నిబంధనల్లో ఆడవాళ్లకు 240 రోజుల ప్రసూతి సెలవు, గడువులో రెండేళ్ల సడలింపు ఉన్నాయి. ఈ సంగతి తెలియక మధ్యలో మానేసినవాళ్లు నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

ఫలితం సగమే నేను అనుకున్నట్టు వచ్చింది. శిక్షణ తీసుకున్న వాళ్ల పేషెంట్ల చర్మం మెరుగ్గా ఉంది, పుండ్లు తక్కువ. కానీ ఇంటివాళ్ల భారం స్కోరు తగ్గలేదు. కొందరిలో పెరిగింది కూడా. మా గైడ్ మేడం లెక్కలు మళ్లీ చేయించారు, అదే వచ్చింది. కారణం ఒక కోడలు చెప్పింది: "అంతకుముందు తెల్వక నిద్రపోయేదాన్ని మేడం. ఇప్పుడు తెలిసింది గదా, రెండు గంటలకొకపారి లేవబట్టె." ఆ ఇంట్లో ఇద్దరు కొడుకులు ఉన్నారు. నేర్చుకోవడానికి వచ్చింది మాత్రం కోడలొక్కతే, కాబట్టి పని కూడా ఆమెదే అయింది. నర్సింగ్ సిబ్బంది కొరతను ఇళ్లలోని ఆడవాళ్ల మీదకు నెట్టడానికి నా శిక్షణ కూడా ఒక చేయి వేసిందా అన్న ఆలోచన అప్పుడు పట్టుకుంది. ఆ అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు రాశాను. ఒకరిద్దరు 'భారం సంగతి తీసేసి పుండ్ల వరకే ఉంచు, తొందరగా అయిపోతుంది' అని సలహా ఇచ్చారు. మా గైడ్ మేడం ఒప్పుకోలేదు, ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

థీసిస్ ఇచ్చాక పరీక్షకుల రిపోర్టులు రావడానికి నెలలు పట్టింది. వైవా, అంటే మౌఖిక పరీక్ష, 2024లో జరిగింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గణాంకాల జోలికి పెద్దగా పోలేదు. "భారం పెరిగిందని రాశారు. అయితే ఈ శిక్షణను ఆసుపత్రులు మొదలుపెట్టాలంటారా, వద్దంటారా?" అని సూటిగా అడిగారు. మొదలుపెట్టాలి, కానీ ఒక ఇంటి నుంచి ఇద్దరు నేర్చుకోవాలని, అందులో ఒకరు మగవాళ్లు అయితే మంచిదని షరతు పెట్టాలి అన్నాను. హాల్లో నవ్వులు వినబడ్డాయి. నేను నవ్వడానికి చెప్పలేదు. ఆ షరతుతో తర్వాతి అధ్యయనానికి ప్రపోజల్ రాసి, నిధుల కోసం పంపాను. ఇంకా జవాబు రాలేదు.

కాలేజీలో హోదా మారింది, జీతం కొంత పెరిగింది. వారంలో రెండు రోజులు వార్డులో ఉంటానని ప్రిన్సిపాల్ మేడంను అడిగి టైంటేబుల్ మార్పించుకున్నాను. "పీహెచ్‌డీ చేసి మళ్లీ బెడ్ బాత్ నేర్పుతావా?" అని తోటి లెక్చరర్లు ఆటపట్టిస్తారు. నేర్పుతాను మరి.

ఇక జూనియర్లు అడిగేవాటికి. పార్ట్ టైం కుదురుతుంది, కానీ ఆసుపత్రి డ్యూటీ చేస్తూ కష్టం. కాలేజీ ఉద్యోగమైతే కాస్త నయం. ఖర్చు ఫీజుతో ఆగదు. స్టాటిస్టీషియన్, ప్రింట్లు, ఫోన్లు, ఆటోలు అన్నీ మీవే. అంశం కోసం పాత థీసిస్‌లు తిరగేయకండి, ఒక వారం వార్డులో మంచాల పక్కన కూర్చుంటే అదే దొరుకుతుంది. చేరే ముందు యూనివర్సిటీ వాళ్లను మీ బ్రాంచిలో గైడ్ దగ్గర ఖాళీ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. గైడ్ పేరు ఖాయం కాకుండా మాత్రం ఫీజు కట్టొద్దు.